సర్ రొనాల్డ్ ఫిషర్ : లెక్కలకు గీటురాయి నిచ్చిన మహాశయుడు

భారతమున అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానమును మన గ్రంథాలయ చదువరులు పెక్కుమంది చదివియే యుందురు. బాహుకుడను మాఱుపేరుతో నలుడు రథము తోలుచుండగా, అయోధ్యాపతియైన ఋతుపర్ణుడు దారిప్రక్కనున్న తాండ్రచెట్టును ఒక్కమాఱు పరికించి, దాని ఆకులెన్నియో కాయలెన్నియో చెప్పివేసెను. స్వయంవరమునకు వేళ మించిపోవుచున్నను నలుడు రథము నాపి, దిగి, చెట్టును పడగొట్టి కాయలు లెక్కించెను. లెక్క సరిపోయిన పిమ్మటనే రాజు విద్యను నమ్మి, దానిని తనకు నేర్పుమని యడిగెను. పండితులు ఈ ఘట్టమున అక్షహృదయ అశ్వహృదయముల మార్పిడిని మెచ్చుకొందురు. ముప్పది యేండ్లు పద్దులు వ్రాసి బ్రదికిన నాకు మాత్రము నలుడు కాయలు లెక్కపెట్టిన ఆ కొంచెము సేపే మిక్కిలి ప్రీతికరము. జవాబు తేల్చుకొనుటకు వీలున్నచోట ఒక విద్యను పరీక్షించి, ఆ తరువాతనే వీలులేనిచోట దానిని నమ్మవలెనని అతడు తలచెను.

ఈ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్ర వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, మనకందఱకును తెలిసిన పేరే వ్రాయుదునని వారు తలచియుందురు. కాని గత వేసవిలో మన గ్రంథాలయపు కంప్యూటరు ముందు, పట్టణమున సంఖ్యాశాస్త్రము చదువుచున్న మన యారాడ కుఱ్ఱవాడొకడు కూర్చుండి ఏవో పువ్వుల కొలతల పట్టికను చూచుచుండెను. పువ్వులతో నీకేమి పని యని యడిగితిని. నూటయేబది పువ్వుల కొలతలవి. ఏ పువ్వు ఏ జాతిదో ముందే తెలియును. క్రొత్తగా లెక్కల ప్రోగ్రాము వ్రాసినప్పుడెల్ల తొలుత ఈ పట్టికమీద నడిపించి, తెలిసిన జవాబు వచ్చుచున్నదో లేదో చూతుమని చెప్పెను. రేవున చేపల కాటా వాడుకముందు దానిపై ముద్రగల తూనికరాతిని పెట్టి చూచినట్లే యన్నమాట. ఆ పట్టిక ఎవరిదని యడుగగా, ఫిషర్ అని మాత్రము చెప్పగలిగెను. ఆ ఫిషర్ ఎవరో చెప్పవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

రొనాల్డ్ ఎయిల్మర్ ఫిషర్ 1890వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి చిత్రపటములు మొదలగు కళావస్తువులను వేలము వేయించు వర్తకుడు, కలిగినవాడు. బాలునకు పదునాలుగేండ్ల ప్రాయమున తల్లి మరణించెను. పిమ్మట కొలదికాలమునకే తండ్రి వ్యాపారము చితికి, ఉన్న యిల్లు పోయెను. ఇది చాలదన్నట్లు పిల్లవానికి కంటిచూపు మిక్కిలి తక్కువ. దీపపు వెలుతురున చదువరాదని వైద్యులు శాసించిరి. అందుచేత సాయంకాలములందు ఉపాధ్యాయుడు కాగితము, కలము, నల్లబల్ల లేకుండ నోటిమాటతోనే గణితము బోధింపవలసివచ్చెను. మన వీధిబడులలో ఎక్కములు, వడ్డీలెక్కలు చూడకుండ వల్లించుట ఎఱిగిన పెద్దలకు ఇందు వింత తోపకపోవచ్చును. కాని ఫిషర్ విషయమున దీని ఫలితము అసాధారణమయ్యెను. లెక్కను అంకెలలో గాక మనస్సులో ఆకృతిగా చూచుట ఆతనికి అలవడెను. జవాబు ముందు కనబడును. దానికి చేరిన మెట్లు ఇతరులకు చూపుట ఆతనికి కష్టము. పెద్దవాడైన పిదప ఆతడు వ్రాసిన గ్రంథములను చదువలేక గొప్ప గొప్ప గణితజ్ఞులే విసిగిపోయిరి.

విద్యార్థివేతనముతో 1909లో కేంబ్రిడ్జి చేరి, 1912లో పట్టము పుచ్చుకొనెను. మొదటి ప్రపంచయుద్ధమున సైన్యములో చేరగోరగా కంటిచూపు చాలదని త్రోసివేసిరి. నాలుగేండ్లు బడిపంతులుగా నుండెను గాని, ఆ పనిలో ఆతడు రాణింపలేదు. 1917లో వివాహమాడి, భార్యతో కలిసి పల్లెలో చిన్న కమతము చేసికొనుచు పందులను పెంచుచు కాలము గడపెను.

1919లో ఆతనికి రెండు పిలుపులు వచ్చెను. ఒకటి లండనులో కార్ల్ పియర్సన్ అను సుప్రసిద్ధ సంఖ్యాశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఉద్యోగము. రెండవది హార్పెండెన్ దగ్గఱ రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనక్షేత్రమున తాత్కాలికపు పని. ఫిషర్ రెండవదానినే కోరుకొనెను. ఆ క్షేత్రమును 1843లో లాస్, గిల్బర్ట్ అనువారు ఆరంభించిరి. బ్రాడ్‌బాక్ అనబడు పొలమున నాటినుండి ఏటేట గోధుమ పండించుచు, ఒక మడికి పశువుల పెంట, ఒకదానికి రసాయనపు ఎరువు, ఒకదానికి ఏమియు వేయక, పంటను తూచి పుస్తకములలో ఎక్కించుచుండిరి. డెబ్బదియైదేండ్ల పుస్తకములు అటకపై ప్రోగుపడి యుండెను. ఫిషర్ వానిముందు కూర్చుండెను. ఆతని చేతిలో నున్న యంత్రము మిలియనేర్ అను పేరుగల లెక్కపెట్టె. పిడి త్రిప్పుచు గుణకారములు చేయవలెను.

పాత దస్తరములు విప్పి చూచినవారికి తెలియును, అందులో అంకెల వెనుక మనుష్యులుందురని. 1921లో ప్రకటించిన వ్యాసమున ఫిషర్ 1852 మొదలు 1918 వఱకు గల గోధుమ దిగుబడిని తీసికొని, ఏటేటి వానవలన కలిగిన హెచ్చుతగ్గులెంత, భూసారము క్షీణించుటవలన తగ్గినదెంత, ఈ రెంటికిని చెందని మెల్లని మార్పెంత యని వేఱుచేసి చూపెను. ఆ మెల్లని మార్పునకు కలుపు కారణము కావచ్చుననియు, పిల్లలకు బడి తప్పనిసరి చేసిన చట్టములు వచ్చినపిమ్మట కలుపుతీయు చిన్నచేతులు పొలమున తగ్గెననియు ఊహించెను. తూనిక పుస్తకమునుండి బడిపిల్లల జాడ తీసిన ఈ చూపును తలచుకొన్నపుడెల్ల నేను అబ్బురపడుదును.

మడులలో ఒకటి పల్లము, ఒకటి మెఱక. ఒకదానికి గట్టు నీడ, ఒకదానికి వాగు ఊట. మంచి మడిలో మంచి ఎరువు వేసి, పంట బాగున్నదన్నచో ఆ మెప్పు ఎరువుదా, నేలదా? ఏ మడిలో ఏ ఎరువు వేయవలెనో మన యిష్టము చొప్పున గాక చీట్లు తీసినట్లు నిర్ణయింపవలెనని ఫిషర్ బోధించెను. నేడు లోకమందంతటను మందులను, విత్తనములను పరీక్షించువారు నడచుచున్న దారి యిదియే.

రోథమ్‌స్టెడ్‌లో మధ్యాహ్నము తేనీరు త్రాగువేళ జరిగిన ముచ్చట యొకటి కలదు. మ్యూరియల్ బ్రిస్టల్ అను విదుషి యచ్చట పనిచేయుచుండెను. గిన్నెలో పాలు ముందు పోసిరా, తేనీరు ముందు పోసిరా యనునది రుచిచేతనే చెప్పగలనని యామె యనెను. తక్కినవారు నవ్విరి. ఫిషర్ నవ్వలేదు, పరీక్ష చేయుటెట్లో ఆలోచించెను. 1935లో ప్రకటించిన ప్రయోగరచనా గ్రంథమున దీనినే యుదాహరణముగా గైకొనెను. ఎనిమిది గిన్నెలు సిద్ధము చేయవలెను. నాలుగింట పాలు ముందు, నాలుగింట తేనీరు ముందు. ఏది యేదో పోసినవారికి తెలియును, రుచి చూచువారికి తెలియదు. గిన్నెలను చీట్లువేసి కలగాపులగముగా నందింపవలెను. ఎనిమిదింటిలో నాలుగింటిని ఏఱుటకు డెబ్బది విధములు కలవు; వానిలో నొక్కటియే సరియైనది. కావున గ్రుడ్డిగా చెప్పినను అన్నియు సరిపడు నవకాశము డెబ్బదింట నొకటి మాత్రమే. జవాబు ముందుగా దాచియుంచి, పరీక్షింపబడువానికి ప్రశ్న మాత్రమే ఇచ్చుట ఇందలి కీలకము.

1933లో ఫిషర్ లండను యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడయ్యెను. 1936లో ప్రకటించిన ఒక వ్యాసమున మన కుఱ్ఱవాడు చూచుచుండిన పువ్వుల పట్టిక వెలువడెను. అవి ఐరిస్ అను మొక్క పువ్వులు. సెటోసా, వెర్సికలర్, వర్జినికా యని మూడు జాతులు. జాతికి ఏబది చొప్పున నూటయేబది. ప్రతిదానికి నాలుగు కొలతలు: రక్షకపత్రపు పొడవు, వెడల్పు, ఆకర్షణపత్రపు పొడవు, వెడల్పు. వీనిని కొలిచినవాడు ఫిషర్ కాడు. అమెరికాదేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు ఎడ్గర్ ఆండర్సన్. కెనడాలోని గాస్పే ద్వీపకల్పమున ఒకే బయలులో, ఒకే దినమున, ఒకే సాధనముతో మొదటి రెండు జాతులను కొలిచెను. పొలాలవెంట వంగి వంగి కొలిచినవాని పేరు మఱుగుపడి, కాగితముపై కూడినవాని పేరు నిలిచినది. ఇది లోకమున అరుదైన సంగతి కాదు గనుక ఇచ్చట ఆండర్సన్ పేరును రెండవసారి వ్రాయుచున్నాను: ఎడ్గర్ ఆండర్సన్.

ఫిషర్ చేసిన దేమనగా, నాలుగు కొలతలను తగిన పాళ్లలో కలిపి ఒక్క సంఖ్యగా చేసి, ఆ సంఖ్యచేతనే జాతిని గుర్తించు మార్గమును చూపెను. సెటోసా తక్కిన రెంటినుండి స్పష్టముగా విడిపోవును. వెర్సికలర్, వర్జినికాలు మాత్రము అంచులలో ఒకదానితో నొకటి కలిసిపోవును. ఈ పద్ధతిని మూడు జాతులకును వర్తింపజేసినచో నూటయేబదిలో మూడు పువ్వులు మాత్రమే తప్పు జాతిలో పడును. ఈ పద్ధతినే నడుపుచున్నానని చెప్పుకొను ప్రోగ్రాము మూడుకు బదులు పది తప్పులు చూపినను, ఒక్కటియు చూపకున్నను, దానిలో ఎక్కడనో దోషమున్నదని తెలియును. పట్టిక చిన్నది, జవాబు తెలిసినది, ప్రశ్న మఱీ సులభము కాదు, మఱీ కఠినము కాదు. అందుచేతనే అది గీటురాయి యయ్యెను.

అదే 1936లో ఫిషర్ మఱియొక సంచలనము రేపెను. బఠానీ మొక్కలపై మెండెల్ చేసిన ప్రయోగముల అంకెలను మరల లెక్కించి, అవి సిద్ధాంతమునకు ఉండవలసినదానికంటె మించి దగ్గఱగా నున్నవని చూపెను. మెండెల్ సిద్ధాంతము తప్పని ఆతడు చెప్పలేదు. ఏమి రావలెనో ముందే ఎఱిగిన సహాయకుడెవడో అంకెలను సవరించియుండునని శంకించెను. ఆడిట్ చేసినవారు ఈ సంగతి వెంటనే గ్రహింతురు. రొక్కపు పెట్టెలో పైసతో సహా ఏడాది పొడవున ఒక్కనాడైనను తేడా రాని చిఠాను నేను ముందుగా శంకింతును.

ఫిషర్‌కు భారతదేశముతో సంబంధము కలదు. కలకత్తాలో భారతీయ సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించిన మహలనోబిస్ పిలువగా 1937-38 శీతకాలమున తొలుత వచ్చెను. ఆ తరువాత పలుమార్లు వచ్చెను. మనకు మఱింత దగ్గఱి సంబంధము కల్యంపూడి రాధాకృష్ణారావుగారి మూలమున కలిగినది. 1920లో జన్మించిన ఆ తెలుగుబిడ్డ విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పట్టమును పుచ్చుకొనెను. ఆ కళాశాల అంకితం వేంకట నరసింగరావుగారి కుటుంబము పేరిట వెలసినది. నరసింగరావుగారి మామగారగు గోడే వేంకట జగ్గారావుగారు 1840లో డాబాగార్డెన్సునందు ఖగోళ వేధశాలను నెలకొల్పి, మన కొండకొననున్న డాల్ఫిన్స్ నోస్ మీద జెండాకొయ్య నెత్తించి, దాని మూలమున జనులకు సరియైన కాలమును తెలియజేయుచుండిరి. జెండాను చూచి ఊరివారు గడియారములు సరిదిద్దుకొనెడివారు. అదియు గీటురాయియే కదా! యారాడవాడనగుటచే ఈ మాట చెప్పక ముందుకు పోలేకపోయితిని.

రాధాకృష్ణారావుగారు 1941లో కలకత్తా సంస్థలో చేరి, 1946లో కేంబ్రిడ్జి వెళ్లిరి. సూడాను దేశమున జెబెల్ మోయా యను చోట త్రవ్వి తీసిన పురాతన అస్థికల కొలతలను పరిశీలించుట అక్కడ వారి పని. అప్పటికి ఫిషర్ కేంబ్రిడ్జిలో జన్యుశాస్త్రాచార్యుడు. ఆతని పర్యవేక్షణలోనే రావుగారు 1948లో డాక్టరు పట్టము పొందిరి. ఒక జాతినుండి ఇంకొక జాతిని విడదీయు ఫిషర్ మార్గమును పెక్కు సముదాయములకు విస్తరింపజేసి అదే సంవత్సరము ప్రకటించిరి. రావుగారు 2023లో, నూటరెండేండ్ల వయస్సున పరమపదించిరి.

ఇక ఫిషర్ దోషములను దాచుట చరిత్ర వ్రాయువానికి తగదు. ఆతడు మహాకోపి, పియర్సన్‌తోను, ఆయన కుమారునితోను, ఇతరులతోను జీవితాంతము కలహించెను. అంతకంటె పెద్దది, మేలుజాతి సంతానమును పెంచి, తక్కువవారని తాము తలచినవారి సంతతిని అఱికట్టవలెనను యూజెనిక్స్ వాదమును గట్టిగా నమ్మెను. పువ్వుల పట్టిక వెలువడిన పత్రికయు ఆ వాదము పేరిటిదే. మనుష్యులను పువ్వులవలె ఏఱివేయదలచిన ఆ భావము నింద్యము. ఈ కారణముచేతనే 2020లో కేంబ్రిడ్జిలో ఆతడు చదివిన కళాశాలవారు ఆతని స్మారకముగా నుంచిన రంగుటద్దపు కిటికీని తొలగించిరి. ఆ పట్టికనే మానివేయవలెనని కొందఱు అధ్యాపకులును చెప్పుచున్నారు. వృద్ధాప్యమున పొగత్రాగుటకును ఊపిరితిత్తుల పుట్టకుఱుపునకును గల సంబంధము రుజువు కాలేదని వాదించెను. ఆతడు స్వయముగా పొగత్రాగువాడు, పొగాకు వ్యాపారులకు సలహాదారుడు. పరీక్షింపబడువాడు జవాబును ముందే కోరుకొనరాదని లోకమునకు బోధించినవాడు, తన విషయమున ఆ పాఠమును మఱచెను.

1943లో పెద్దకుమారుడు వైమానికుడై యుద్ధమున మరణించెను. 1952లో సర్ బిరుదము వచ్చెను. చివరిదినములను ఆస్ట్రేలియాలోని అడిలెయిడ్ నగరమున గడపి, 1962 జులై 29వ తేదీన ఫిషర్ కన్నుమూసెను. ఆతని అస్థికలు అచ్చటి సెయింట్ పీటర్స్ దేవాలయమున నున్నవి.

పట్టిక చరిత్ర మాత్రము అంతటితో ముగియలేదు. ఆతడు పోయిన అయిదేండ్లకు, 1967లో, అమెరికాలో లాంగ్లీ అను ఉద్యోగి 1947 మొదలు 1962 వఱకు పదునాఱు సంవత్సరముల ఉద్యోగపు అంకెలను తీసికొని చేతిలెక్కతో జాగ్రత్తగా సాధించి, అవే అంకెలను నాటి కంప్యూటరు ప్రోగ్రాములకు ఇచ్చెను. వాని జవాబులు చేతిలెక్కతో పొసగలేదు, ఒకదానితో నొకటియు పొసగలేదు. యంత్రము తప్పు చెప్పదను నమ్మకము ఆనాడు సడలినది.

యంత్రమెట్లు తప్పునని చదువరులకు సందేహము కలుగవచ్చును. నూరుకోట్ల ఒకటి, నూరుకోట్ల రెండు, నూరుకోట్ల మూడు అను మూడు సంఖ్యలను తీసికొనుడు. సగటు నూరుకోట్ల రెండని, ప్రక్క సంఖ్యలు దానికి ఒకటి చొప్పున దూరమని బాలుడైనను చెప్పును. కాని ప్రోగ్రాము ముందుగా ఒక్కొక్క సంఖ్యను దానిచేతనే గుణించి, కూడి, పిదప తీసివేయు మార్గమున పోయినచో, ఆ లబ్ధములు పందొమ్మిదేసి అంకెలుండును. యంత్రము సాధారణముగా పదునైదు పదునాఱు అంకెలనే పట్టుకొనగలదు. తోకనున్న అంకెలు రాలిపోవును. మనకు కావలసిన తేడా ఆ తోకలోనే యున్నది. ఒకటి రావలసినచోట సున్న రావచ్చును, మఱేదియో రావచ్చును. మైక్రోసాఫ్ట్ వారి ఎక్సెల్ నందు 2003కు ముందటి రూపములలో ఈ దోషముండి, ఆ సంవత్సరపు రూపమున సవరింపబడినది. ఇట్టివానిని పట్టుకొనుటకే అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థవారు 1990 తరువాత కొన్ని గీటురాతి పట్టికలను సిద్ధపఱచిరి. అయిదువందల అంకెల నిడివితో లెక్కించి, జవాబులో పదునైదు అంకెలను ధ్రువపఱచి, తేలిక, మధ్యమము, కఠినము అని వర్గములు చేసిరి. లాంగ్లీ పట్టికయు అందున్నది.

నేను లెక్కలు చూచిన ఒక చోట, దాని పేరు అనవసరము, పదునాలుగేండ్ల క్రిందట చేతిపుస్తకములు తీసివేసి కంప్యూటరు పెట్టిరి. ఒక మత్స్యకార వృద్ధురాలు వలల అప్పు తీర్చివేయ వచ్చెను. ఆమె లెక్కకంటె యంత్రపు లెక్క 312 రూపాయలు ఎక్కువ. చదువురాని ముసలిదానిని అందఱును తప్పుపట్టిరి. ఆ రాత్రి నేను, ఏనాడో తీరిపోయి ఆడిట్ కూడ ముగిసిన ఒక పాత అప్పును, ప్రతి పంక్తియు నా చేతితో కట్టినదానిని, యంత్రమున ఎక్కించి చూచితిని. అందును వడ్డీ ఎక్కువ వచ్చినది. కట్టిన సొమ్మును కట్టిన దినమున గాక మఱుసటినెల మొదటి తేదీన తగ్గించుచుండెను! ఆమె 312 రూపాయలు ఆమెకు నిలిచినవి. తక్కిన ఖాతాలను సరిచూచుటకు మూడు నెలలు పట్టినది.

అయితే తూనికరాయే అరిగియున్నచో? ఫిషర్ పట్టికకు అదియు తటస్థించినది. లోకమంతటను విద్యార్థులు తీసికొను ప్రతి కాలిఫోర్నియాలోని ఒక విశ్వవిద్యాలయపు భాండాగారమున నుండెడిది. దానిలోని 35వ, 38వ పువ్వుల అంకెలు 1936 నాటి ముద్రితప్రతితో సరిపోవు. 35వ పువ్వున ఆకర్షణపత్రపు వెడల్పు 0.2 ఉండవలసినచోట 0.1 పడినది. 38వ పువ్వున రక్షకపత్రపు వెడల్పు 3.6కు బదులు 3.1, ఆకర్షణపత్రపు పొడవు 1.4కు బదులు 1.5 పడినవి. 1999లో కొందఱు పండితులు ఈ పాఠభేదములను గూర్చి ప్రకటించిరి. తాళపత్రములు నకలు వ్రాసిన లేఖకుల తప్పులనే చూచి నవ్వుకొను మనకు, ఈ సంగతి కొంత ఊరట.

ఈ మాట చెప్పగా మన కుఱ్ఱవాడు తన ప్రతిని తెఱచి చూచెను. రెండు తప్పులును అందున్నవి. నూటయేబది పంక్తులను కాగితముపై అచ్చుతీసి, 35వ, 38వ పంక్తులను ఎఱ్ఱసిరాతో దిద్ది, క్రింద తేదీ వేసి సంతకము చేసినాడు. ఆ కాగితము మన గ్రంథాలయమున గణితపు బీరువాలో, రెండవ అరలో నున్నది.